పాత బస్సు బాడీ బాగుచేసేవాళ్లకు: పెయింట్ కంటే ముందు నీళ్ల దారి వెతకండి

పాత బస్సు చేతికి రాగానే అందరూ అడిగేది రంగు గురించే. ఏ షేడు వేయాలి, ఎన్ని కోట్లు కొట్టాలి, స్ప్రే మేలా బ్రష్షు మేలా అని. నేను మాత్రం ముందు కిటికీ కింది అంచు చూపించమంటాను. రేకు మీద పైకి తేలిన తుప్పు బుడగ అసలు జబ్బు కాదు. పైన ఎక్కడో నీళ్లు లోపలికి దిగాయి, కింద ఎక్కడో బయటికి పోలేక నిలిచిపోయాయి. ఆ రెండు చోట్లూ పట్టుకోకుండా కొత్త రేకు కొడితే కొన్నాళ్లకు అదే చోట మళ్లీ బుడగ లేస్తుంది. అప్పుడు డబ్బు, కష్టం రెండూ పోయినట్టే.

నేను వడ్రంగం నేర్చుకుని తర్వాత రేకు పనిలోకి వచ్చినవాణ్ణి. అందుకే పాత బస్సు కనపడగానే నా చెయ్యి ముందు చెక్క మీదికే పోతుంది. పాత బస్సుల్లో చాలావాటికి చెక్కే ఎముకల గూడు, రేకు పైన కప్పిన తోలు మాత్రమే. అది పాడైతే పైన ఎంత మెరిసినా లాభం లేదు.

ముందు మీ బస్సు కట్టుబడి తెలుసుకోండి

పాత బస్సులు మూడు రకాలుగా కట్టేవాళ్లు. మొదటిది, విడి ఛాసిస్ (ఇంజన్, చక్రాలు బిగించే అడుగు చట్రం) మీద చెక్క ఫ్రేము కట్టి, దానికి అల్యూమినియం రేకు కొట్టిన బాడీ. యాష్, టేకు కలపలు ఎక్కువగా వాడేవాళ్లు. బలం కావలసిన చోట చెక్కకు ఉక్కు పట్టీలు బోల్టు చేసేవాళ్లు. రెండోది, ఛాసిస్ విడిగానే ఉండి ఫ్రేము మొత్తం లోహంతో చేసినది. మూడోది, విడి ఛాసిస్ లేకుండా బాడీయే బరువు మోసేది. లండన్ రూట్‌మాస్టర్ ఈ మూడో రకమే. దాని మొదటి నమూనా 1954లో వచ్చింది. అల్యూమినియం బాడీకే ముందు ఒకటి, వెనక ఒకటి సబ్‌ఫ్రేములు (ఇంజన్, ఇరుసులను మోసే చిన్న చట్రాలు) బిగించారు. 1950లో తయారీ మొదలైన ఫోక్స్‌వాగన్ ట్రాన్స్‌పోర్టర్ కూడా బాడీయే బరువు మోసే బండి, కాకపోతే ఉక్కుతో చేసింది.

ఈ తేడా తెలియకుండా పని మొదలుపెట్టకూడదు. మొదటి రకంలో పక్క రేకు విప్పినా ఫ్రేము కొంతవరకు నిలబడుతుంది. మూడో రకంలో రేకే బలం. దాన్ని విప్పితే బాడీ కుంగుతుంది, కుంగాక తలుపు మూసుకోదు.

ఏ రకమైనా సరే, బస్సును గట్టి నేల మీద పెట్టి స్టాండుల మీద నిలబెట్టండి. టైర్ల మీద వదిలేస్తే గాలి తగ్గినప్పుడల్లా కొలతలు మారతాయి. స్టాండులు ఇరుసులు ఉండే చోటే, ఛాసిస్ కింద పెట్టాలి. ఛాసిస్ లేని రకమైతే ఇరుసులు బిగించిన గట్టి భాగం కింద పెట్టాలి. బస్సు రోడ్డు మీద ఎలా బరువు మోస్తుందో అలాగే మోయాలి. రసమట్టంతో అటూ ఇటూ చూసుకున్నాక, ప్రతి కిటికీ గడికీ, తలుపు చట్రానికీ మూల నుంచి మూలకు రెండు కొలతలు తీసి గోడ మీద పెద్దగా రాసిపెట్టుకోండి. రెండూ సమానంగా ఉంటే గడి నిక్కచ్చిగా ఉన్నట్టు. వెనక గళ్లలో తేడా వస్తే వెనక ఇరుసు దాటి వేలాడే భాగం కిందికి జారిందని అర్థం. పాత బస్సుల్లో ఇది మామూలే.

జారిన భాగాన్ని ఒక్కసారిగా జాకీతో లేపకండి. కింద అడ్డదూలం పెట్టి రోజుకు రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున లేపుతూ, తలుపు సందులు చూసుకుంటూ పోవాలి. ఇందులో తొందరపడితే పైకప్పు అతుకులు పగులుతాయి.

విప్పేముందు

ఫోటోలు మీరు అనుకున్నదానికి మూడింతలు తీయండి. ప్రతి ఫోటోలో టేపు కనపడాలి. స్క్రూలను, బీడింగులను, బ్రాకెట్లను గడి వారీగా డబ్బాల్లో వేసి పేర్లు రాయండి. కుళ్లిపోయిన చెక్క ముక్కను కూడా పారేయొద్దు. కొత్త ముక్కకు అదే కొలమానం, ముక్కలు ముక్కలైనా సరే, బల్ల మీద పేర్చి గీసుకోవచ్చు.

పాత పెయింట్‌తో జాగ్రత్త. పాత వాహనాల రంగుల్లో సీసం మామూలుగా ఉండేది. అల్యూమినియం మీద కనిపించే పసుపుపచ్చ ప్రైమర్ జింక్ క్రోమేట్ అయ్యే అవకాశం ఎక్కువ. దాని దుమ్ము క్యాన్సర్ కలిగించేది. పొడిగా గ్రైండర్ పెట్టకండి. తడిపి రుద్దండి, సరైన ఫిల్టర్ ఉన్న మాస్కు కట్టుకోండి, చెత్తను తడిగుడ్డతో ఎత్తండి. పని బట్టలు ఇంటి బట్టలతో కలిపి ఉతకొద్దు. ఇంజన్ కవరు లోపలి పొర, సైలెన్సర్ దగ్గర నేల కింద అతికించిన బూడిదరంగు బోర్డు ఆస్‌బెస్టాస్ కావచ్చు. దాన్ని మీరు పీకకండి, పరీక్ష చేయించి ఆ పని తెలిసినవాళ్ల చేత తీయించండి. ఈ విషయంలో నేను ఎవరితోనూ బేరమాడను.

రంగు పూర్తిగా గీకేముందు ఒక పని చేయండి. ఎండ తగలని చోట, అంటే లైసెన్సు ప్లేటు వెనకో, బీడింగు కిందో, తడి ఎమరీ కాగితంతో గుండ్రంగా, మెల్లగా రుద్దండి. అంచుల్లో ఒక్కో పొరా ఉంగరంలా బయటపడుతుంది. అన్నిటికంటే లోపలి ఉంగరం ప్రైమర్, దాని పక్కది బస్సు పుట్టినప్పటి రంగు. ఒక బస్సు పక్క రేకు మీద నాకు ఇలా ఆకుపచ్చ కింద క్రీము, క్రీము కింద ముదురు ఎరుపు కనపడ్డాయి. ఆ ఎరుపును ఎండలో, నీడలో రెండుసార్లూ షేడు కార్డుతో పోల్చి చూసుకున్నాను. బయటి పొరలే దాన్ని ఎండ నుంచి కాపాడాయి కాబట్టి ఫోటోల కంటే దాన్నే నమ్ముతాను. పాత అక్షరాలు కనపడితే ట్రేసింగ్ కాగితం మీద దించుకోండి. గీకేశాక వాటిని తెచ్చేవాళ్లు ఎవరూ ఉండరు.

చెక్క ఎక్కడ కుళ్లుతుంది

ఒక స్క్రూడ్రైవరు, ఒక టార్చి చాలు. కిటికీ కింద అడ్డంగా పోయే దూలం, నిలువు స్తంభం వచ్చి దానిలో కలిసే చోటు, ఆ స్తంభం కింద నేలను తాకే చివర, చక్రం పైన వంపు, మెట్టు దగ్గరి మూల. ఈ చోట్ల గుచ్చి చూడండి. మంచి చెక్క మొనను ఆపుతుంది, ఠక్కున గట్టి శబ్దం వస్తుంది. పాడైన చెక్కలో మొన మెత్తగా దిగిపోతుంది. బయటికి లాగినప్పుడు పొడి పొడిగా, గళ్లు గళ్లుగా విరిగిన ముక్కలు వస్తాయి. పైకి రంగు చక్కగా ఉండి లోపల ఇలా ఉండటం ఎక్కువ. రంగు పొర తడిని లోపలే పట్టి ఉంచుతుంది మరి.

స్తంభం అడుగు ఎందుకు పోయిందో వెతుకుతూ పైకి వెళ్లండి. నూటికి తొంభై సార్లు కిటికీ అద్దం జారే గాడిలోకి చేరుకుంటారు. ఆ గాడి అడుగున నీళ్లు పోవడానికి చిన్న రంధ్రాలు ఉంటాయి. దుమ్ము, పాత ఫెల్టు పీచు, పైన వేసిన రంగు, ఎవరో దయతో పూసిన సీలెంటు (సందులు మూసే పేస్టు) వాటిని మూసేస్తాయి. నీళ్లు గాడి నిండి లోపలి వైపుకు పొంగి స్తంభం వెంట దిగుతాయి. స్తంభం మార్చేరోజే ఆ రంధ్రాలు తీగతో పొడిచి తెరవాలి. లేదంటే మీ కొత్త చెక్కకు కూడా అదే గతి.

చెక్కలో తేమ 20 శాతం దాటి నిలిస్తే బూజు పని మొదలుపెడుతుంది. తేమ మీటరు కొనుక్కోండి, 18 కంటే తక్కువ చూపించేదాకా దేన్నీ అతికించకండి, దేన్నీ మూయకండి.

స్తంభం మొత్తం మార్చాల్సిన అవసరం అరుదు. అడుగు భాగం కోసి, మిగిలినదానికి ఏటవాలుగా అతుకు వేస్తాను. వాలు ఒకటికి ఎనిమిది ఉండాలి. 50 మిల్లీమీటర్ల మందం ఉన్న స్తంభానికి 400 మిల్లీమీటర్ల పొడవు అతుకు అన్నమాట. పొడవు చూసి భయపడి తగ్గించేస్తారు చాలామంది. అతుకు బలమంతా ఆ పొడవులోనే ఉంది. రెండు ముఖాలూ చిత్రిక పట్టి, వెలుగుకు ఎత్తి చూసి, సందు కనపడకపోతేనే ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు) పూయండి. క్లాంపు మరీ బిగిస్తే జిగురంతా బయటికి వచ్చేసి అతుకులో ఏమీ మిగలదు. జిగురు సన్నని గీతలా అంచు వెంట కనపడితే చాలు, అక్కడ ఆపండి.

పాత కలప ఏదో అదే వాడండి. ఓక్ గట్టిదే గానీ దానిలో ఉండే టానిన్ ఉక్కు బోల్టులను తినేస్తుంది. కొత్త ముక్కకు బోల్టు రంధ్రం వేశాక, రంధ్రం లోపలి గోడలకు కూడా ఎపాక్సీ పూసి ఆరనివ్వండి. చెక్క చివర్లకు, అంటే పీచు కోసిన ముఖాలకు రెండు పూతలు వేయండి. నీళ్లు తాగేది అక్కడే.

లోహపు ఫ్రేము అయితే పని సూటిగా ఉంటుంది. తుప్పు పట్టిన భాగాన్ని మంచి ఇనుము కనపడేదాకా కోసేసి, అదే మందం ముక్క వేయండి. మిగ్ వెల్డింగ్ (తీగను కరిగిస్తూ చేసే కరెంటు వెల్డింగ్) ఒకే గీతలా లాగకుండా, అక్కడో చుక్క ఇక్కడో చుక్క పెట్టుకుంటూ పోతే వంకర తిరగదు. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీసేయండి, డీజిల్ ట్యాంకు దగ్గర్లో ఉంటే దించేయండి, అద్దాలను తడి దుప్పటితో కప్పండి. లోపలి పొరల్లో పాత కొబ్బరి పీచు, జూటు లాంటివి ఉంటాయి, నిప్పురవ్వ పడితే పైకి తెలియకుండా రాజుకుంటాయి. పని ఆపాక కూడా గంటసేపు అక్కడే ఉండండి.

రేకు పని

పాత రివెట్టును తీయాలంటే రివెట్టు కాండం అంత మందం ఉన్న డ్రిల్లు బిట్టుతో తల మాత్రమే తీసి, మిగిలినదాన్ని పంచుతో వెనక్కి కొట్టండి. రంధ్రం పెద్దది చేస్తే రేపు రివెట్టు పట్టదు.

అల్యూమినియం, ఉక్కు నేరుగా తాకితే నీళ్లు చేరినప్పుడల్లా చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి, అందులో కరిగిపోయేది అల్యూమినియమే. రేకు అంచున తెల్లటి పొడి కనపడితే ఇదే కారణం. ఇత్తడి స్క్రూ కూడా అల్యూమినియానికి శత్రువే. స్టెయిన్‌లెస్ స్క్రూ కూడా తడిలో అంత మంచిది కాదు. అందుకని లోహాలు కలిసే ప్రతి చోటా ముందు ప్రైమర్, తర్వాత ఎండిపోని రకం అడ్డుపొర పేస్టు పూసి, స్క్రూను కూడా ఆ పేస్టులో ముంచి బిగిస్తాను. ఇది విసుగు పని. అయినా రేకు ఎన్నేళ్లు ఉంటుందో తేలేది ఇక్కడే.

పక్క రేకులకు 1.2 నుంచి 1.6 మిల్లీమీటర్ల అల్యూమినియం సరిపోతుంది. పాతదాన్ని మైక్రోమీటరుతో కొలిచి అదే తెండి. బిగించే వేళ కూడా చూసుకోండి. 2.4 మీటర్ల అల్యూమినియం రేకు 30 డిగ్రీల తేడాకు సుమారు 1.7 మిల్లీమీటర్లు పెరుగుతుంది, ఉక్కు అందులో దాదాపు సగమే పెరుగుతుంది. చలిగా ఉన్నప్పుడు బిర్రుగా బిగించిన రేకు ఎండకు అలలు తేలుతుంది. రేకు వెచ్చగా ఉన్నప్పుడు, మధ్య నుంచి మొదలుపెట్టి అంచులవైపు బిగించుకుంటూ రండి.

ముందూ వెనకా మూలల్లో, పైకప్పు మూలల్లో రేకు రెండు వైపులా వంగి ఉంటుంది. ఈ భాగాలు చేత్తో కొట్టి తీర్చినవి. పగిలినా సొట్ట పడినా వాటిని బాగుచేసుకోవడమే మంచిది, కొత్తవి తయారుచేయించడం చాలా కష్టం. కొట్టి కొట్టి గట్టిపడిన అల్యూమినియాన్ని మెత్తబరచాలి. రేకు మీద బట్టల సబ్బుతో గీతలు గీయండి. గ్యాస్ మంటను దూరంగా ఆడిస్తూ వేడి చేయండి. సబ్బు గీత గోధుమరంగు దాటి నల్లబడగానే మంట తీసేయాలి. అల్యూమినియం ఎర్రబడి హెచ్చరించదు, 660 డిగ్రీల దగ్గర ఉన్నట్టుండి కరిగి కింద పడుతుంది. అందుకే సబ్బు గీత మీదే కన్ను ఉండాలి. చల్లారాక రేకు చేతికి లొంగుతుంది. కొట్టేకొద్దీ మళ్లీ గట్టిపడుతుంది, మళ్లీ వేడి చేసుకోవచ్చు. ఫ్రేములోని అల్యూమినియం కడ్డీలకు మాత్రం ఈ వైద్యం చేయకండి, వాటి బలం పోతుంది.

సొట్టను మధ్యలో కొట్టకండి. చివరగా ఏర్పడిన అంచు మడతను ముందు విప్పి, చుట్టూ తిరుగుతూ లోపలికి రండి. వెనక డాలీ (చేత్తో పట్టుకునే నున్నటి ఇనుప దిమ్మ) ఆన్చి కొయ్య సుత్తితో చిన్న చిన్న దెబ్బలు. పైకప్పు మీద వానకు, చెట్టు కొమ్మకు పడ్డ చిన్న సొట్టలను నేను అలాగే వదిలేస్తాను. నీళ్లు నిలవకపోతే వాటి వల్ల నష్టం లేదు, అవి ఆ బస్సు తిరిగిన రోడ్లకు గుర్తులు.

గట్టి రివెట్టు, అంటే లోపల బోలు లేనిది వేస్తే, కలిపిన మందం కంటే వ్యాసానికి ఒకటిన్నర రెట్లు తోక బయటికి ఉండాలి. పాప్ రివెట్టు (ఒకవైపు నుంచే పుల్ల లాగి బిగించేది) వాడితే చివర మూసి ఉన్న రకమే కొనండి. మామూలుదానిలో లోపల మిగిలిపోయే ఉక్కు పుల్ల తుప్పు పట్టి, కొత్త రంగు మీద గోధుమరంగు చార దిగుతుంది. సీలెంటుకు పాలీయురేథేన్ రకం తీసుకోండి. సిలికాన్ ఒక్కసారి రేకుకు అంటితే ఆ చోట రంగు నిలవదు.

కిటికీలు, నేల

రబ్బరు బీడింగులు పాతవి వాడొద్దు, ఎంత బాగున్నట్టు కనిపించినా. కొత్త రబ్బరును అద్దానికి తొడిగి, దాని బయటి గాడిలో గట్టి దారం చుట్టూ తిప్పి, రెండు కొసలూ లోపలివైపు వదిలి, సబ్బు నీళ్లు రాసి అద్దాన్ని చట్రానికి ఆన్చండి. బయట ఒకరు అరచేత్తో నొక్కుతుంటే లోపల మరొకరు దారం లాగుతూ పోతే రబ్బరు పెదవి చట్రం మీదికి ఎక్కి కూర్చుంటుంది. ఇద్దరూ మాట్లాడుకుంటూ చేయాల్సిన పని.

నేలకు మెరైన్ ప్లైవుడ్, అంచులకు ఎపాక్సీ. గేరుబాక్సు పైన ఉండే మూత పలకలను మూసేయకండి, మెకానిక్‌కు అవి కావాలి.

రంగు

అల్యూమినియాన్ని ఇసుకతో బ్లాస్టింగ్ చేయిస్తామంటారు. వద్దు, రేకు వంకర పోతుంది. కాస్టిక్ ఉన్న రంగు తీసే ద్రావణం కూడా వద్దు, అది అల్యూమినియాన్నే తింటుంది. రుద్ది, గ్రీజు తుడిచిన గంటలోపే ఎచ్ ప్రైమర్ (ఆమ్లంతో లోహాన్ని కాస్త కొరికి పట్టుకునే ప్రైమర్) వేయాలి, గాలి తగిలిన అల్యూమినియం మీద ఆక్సైడ్ పొర వెంటనే కట్టుకుంటుంది. ఎచ్ ప్రైమర్ మీద నేరుగా లప్పం పెట్టకండి, అందులోని ఆమ్లం లప్పాన్ని గట్టిపడనివ్వదు. మధ్యలో ఎచ్ ప్రైమర్ మీద వేయదగిన మరో ప్రైమర్ ఉండాలి. లప్పం మందం ఎక్కడా రెండు మూడు మిల్లీమీటర్లు దాటకూడదు. దాటిందంటే రేకు పని మిగిలే ఉందని.

టూ-ప్యాక్ రంగుల్లో (గట్టిపరిచే ద్రావణం కలిపి వాడేవి) ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసైనేట్లు ఉంటాయి. మామూలు మాస్కు చాలదు, బయటి నుంచి గాలి పంపే మాస్కు ఉన్న బూత్‌లోనే కొట్టించండి. ఇంట్లో చేసుకునేవాళ్లకు నా సలహా బ్రష్షు ఎనామెలే. పెద్ద బస్సులకు ఒకప్పుడు చేత్తోనే రంగు వేసేవాళ్లు. మంచి బ్రష్షుతో, దుమ్ము లేని చోట పలుచటి పొరలు వేస్తూ, పొరకూ పొరకూ మధ్య తడి ఎమరీతో రుద్దితే వచ్చే లోతైన మెరుపు నాకు స్ప్రే కంటే ఇష్టం.

నీళ్ల పరీక్ష రెండుసార్లు చేయాలి. ప్రైమర్ దశలో పైకప్పు అతుకులకు ఒకసారి, అద్దాలు ఎక్కాక ఇంకోసారి. లోపలి లైనింగు పెట్టకముందే రెండూ అయిపోవాలి. గొట్టంతో నీళ్లు కింది నుంచి మొదలుపెట్టి, ఒక్కో వరసలో కొన్ని నిమిషాలు ఆగుతూ పైకి వెళ్లండి. పై నుంచి మొదలుపెడితే కారేది ఏ అతుకో తేలదు. లోపల ఒకరు టార్చి, సుద్దముక్క పట్టుకుని కూర్చుని, తడి మొదట కనిపించిన చోట గుర్తు పెట్టాలి. నీళ్లు చెక్క వెంట చాలా దూరం పాకి బొట్టుగా పడతాయి, కాబట్టి బొట్టు పడిన చోటు కాకుండా తడి మొదలైన చోటు వెతకండి.

తర్వాత అన్ని కిటికీలూ తెరిచి ఆరనివ్వండి. మీటరు 18 కంటే కిందికి దిగాక, మూసుకుపోయే ఖాళీల్లోకి మైనపు స్ప్రే కొట్టండి. కొట్టాక కింది రంధ్రాలను తీగతో మళ్లీ ఒకసారి తెరవండి, మైనం వాటిని కూడా మూసేస్తుంది. లైనింగు పలకలను జిగురుతో అతికించకుండా స్క్రూలతోనే బిగించండి. ఏడాదికోసారి కిటికీ కింది పలక విప్పి, స్తంభం అడుగు చూసుకోవాలి.